రాతిగట్టు మీద గాలం: విశాఖ తీరంలో మిత్రులతో కలిసి సముద్రపు చేపలు పట్టడం ఎలా

నలుగురు మిత్రులు రాళ్ల మీదకు చేపలకు వెళ్తే నీళ్లలో ఉండాల్సినవి మూడు గాలాలే. నాలుగో మనిషి చేతులు ఖాళీగా ఉండాలి. అతని ముఖం సముద్రం వైపు, వీపు గట్టు వైపు. పెద్ద అల లేస్తే కేక వేయడం, చేప పడితే వల అందించడం, ఎవరైనా జారితే తాడు విసరడం అతని పని. అరగంటకోసారి వంతు మారుతుంది. మా జట్టులో దీన్ని కాపలా అంటాం. ముగ్గురే వెళ్తే రెండు గాలాలు, ఒక కాపలా. ఇద్దరే అయితే ఒకరు వేస్తారు, ఒకరు చూస్తారు. ఒక్కరే అయితే రాళ్ల మీదకు వెళ్లకూడదు, ఇసుక తీరానికి వెళ్లాలి.

ఈ పద్ధతి మాకు ఊరికే రాలేదు. ఒక జనవరి ఉదయం జోడుగుళ్లపాలెం వైపు రాళ్ల మీద నలుగురం నాలుగు గాలాలూ వేసి కూర్చున్నాం. సముద్రం చెరువులా ఉంది. ఎర గుచ్చడానికి మా మిత్రుడొకడు ముందుకు వంగాడు. అప్పుడొచ్చిన అల అతన్ని నడుం దాకా ముంచి, వెనక్కి పోతూ పోతూ రెండు బండల నడుమకు ఈడ్చుకుపోయింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. పక్క రాళ్ల మీద ఒక పెద్దాయన తాడుతో ఉన్నాడు. ఆ రెండూ లేకపోతే ఈరోజు అతను లేడు. పైకి లాగాక ఆ జాలరి బాబాయ్ బండ మీద తడి ఆగిపోయిన గీతను చూపించి, "తడున్నంత మేరా సంద్రందే నాయనా, పొడి రాయే మనది" అన్నాడు. అప్పటి నుంచి ఏ రాతి మీద కాలు పెట్టినా ముందు ఆ గీతనే వెతుక్కుంటాం. ఈ వ్యాసం అంతా ఆ గీతకు ఇవతల నిలబడి రాసిందే.

రాళ్లే ఎందుకు, ఏ రాళ్లు

గోదావరి, కృష్ణా డెల్టాల తీరమంతా ఒండ్రు, ఇసుక. విశాఖ దగ్గర మాత్రం తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్లపాలెం, రుషికొండ పక్కన, తొట్లకొండ కింద మంగమారిపేటలో, దక్షిణాన యారాడ, అప్పికొండ వైపు నల్లటి బండలు నీళ్లలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. ఆ బండలకు ఆలుచిప్పలు, నాచు పట్టుకుంటాయి. వాటి కోసం పీతలు, రొయ్యలు, చిన్న చేపలు చేరతాయి. వాటి కోసం పార, గ్రూపర్, పండుగప్ప, బారాకుడా వస్తాయి. ఇసుక తీరంలో డెబ్భై మీటర్లు విసిరితే గానీ దొరకని లోతు ఇక్కడ కాళ్ల కిందే ఉంటుంది. చేపకు అదే అనుకూలం, మనిషికి అదే ప్రమాదం.

కొత్తవాళ్లు చోటు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. నిలబడే బండ బల్లపరుపుగా, నీటి మట్టానికి కనీసం రెండు మీటర్ల ఎత్తున ఉండాలి. వెనక్కి నడిచి వెళ్లే దారి పోటు సమయంలోనూ, అంటే నీరు ఎక్కినప్పుడూ, మునగకూడదు. నూటయాభై, రెండు వందల మీటర్ల లోపు ఇసుక మడుగో, చిన్న ఇసుక తీరమో ఉండాలి. నీళ్లలో పడిన మనిషి బయటికి రావలసింది అటు నుంచే కాబట్టి, ఈ మూడోది చాలామంది పట్టించుకోరు గానీ నేను మొదట చూసేది దాన్నే.

డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల నౌకాదళం, పోర్టు పరిధిలోని రాళ్ల జోలికి వెళ్లొద్దు. అక్కడ ఫొటోలు తీయడం కూడా ఇబ్బందే. నగరపు మురుగు కాలువలు కలిసే చోట పట్టిన చేపను ఇంటికి తేకండి. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే ప్రాంతం పండుగప్పకు మంచిది, కానీ నదీ ముఖంలో పాటు లాగుడు, అంటే నీరు వెనక్కి తీసే ఊపు, గట్టిగా ఉంటుంది. అది రెండో ఏడాదికి దాచుకోండి.

మొదటిసారి వెళ్తున్న చోటికి గాలం లేకుండా ఒకసారి వెళ్లి రావాలి. పాటు బాగా తీసిన వేళ వెళ్తే నీళ్ల కింద ఉండే బండలు, సందులు, ఇసుక పాయలు బయటపడతాయి. ఫొటోలు తీసి పెట్టుకుంటే తర్వాత గాలం ఎక్కడ వేయాలో, ఎక్కడ చిక్కుకుంటుందో తెలుస్తుంది. ఊళ్లో జాలర్లను పలకరించండి. "బాబాయ్, ఇక్కడ గాలం వేసుకోవచ్చా, అలివి వల ఎటు లాగుతారు?" అని అడిగితే చోటుతో పాటు ఆ వారం సముద్రం ఎలా ఉందో కూడా చెబుతారు. వల వేసే చోట, తెప్పలు వచ్చిపోయే దారిలో గాలం వేయకూడదు. అది వాళ్ల పొలం లాంటిది.

రోజు ఎంచుకోవడం

పోటు అంటే నీరు ఎక్కడం, పాటు అంటే తీయడం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక నిండు పోటు నుంచి మరో నిండు పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఈరోజు ఉదయం 7 గంటలకు నిండు పోటు అయితే రేపు దాదాపు 7-50కి అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టంలో తేడా ఒకటిన్నర మీటర్ల దాకా వెళ్తుంది. అష్టమి దగ్గరపడ్డ రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. క్యాలెండర్‌లో తిథి చూస్తే చాలు, ఈ లెక్క సగం వచ్చేసినట్టే. కచ్చితమైన వేళలు టైడ్ టేబుల్‌లో దొరుకుతాయి.

నీరు కదిలేటప్పుడు చేప తింటుంది. నిండు పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత ఒకటిన్నర గంట మంచి సమయం. అది తెల్లవారుజామునో, సాయంత్రం ఎండ వాలాకో పడితే ఇంకా మంచిది. కొత్త జట్టు మాత్రం పాటు సమయంతో మొదలుపెట్టాలి. నీరు తీస్తూ ఉంటే నిలబడే చోటు గంట గంటకూ పెరుగుతుంది. ఎక్కుతూ ఉంటే తగ్గుతుంది, చేపల ధ్యాసలో పడితే వెనక దారి మూసుకుపోయిన సంగతి తెలియదు.

పోటు కంటే పెద్ద విషయం అల. గాలి లేదు కదా, అలలు ఉండవు అనుకోవడం రాళ్ల మీద చేసే మొదటి తప్పు. వేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రం దక్షిణ కొసన లేచిన తుఫాను అలలు నాలుగైదు రోజులు ప్రయాణించి మన తీరానికి వస్తాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. అవి నీటి మీద ఎత్తుగా కనిపించవు, పొడవుగా ఉంటాయి. రాయి తగిలాకే లేస్తాయి. అందుకని సూచనల్లో అల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య వ్యవధి కూడా చూడాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రతిరోజూ తీరం వెంబడి అలల ఎత్తు, వ్యవధి, హెచ్చరికలు విడుదల చేస్తుంది. మా జట్టు కట్టుబాటు ఇదీ: ఎత్తు మీటరు దాటినా, వ్యవధి 12 సెకన్లు దాటినా రాళ్ల మీదకు వెళ్లం. పోర్టులో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగిరినా వెళ్లం.

ఏడాదిలో జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నేర్చుకోవడానికి అదే కాలం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి పెరుగుతుంది, ఉదయం తొమ్మిదికల్లా సర్దేసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు రాళ్ల మీద బాదుతూనే ఉంటాయి. అక్టోబరు, నవంబరులవి తుఫానుల రోజులు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ 'ఎంవీ మా' లంగరు తెగి తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చింది. ఓడనే మోసుకొచ్చిన సముద్రం ముందు మన బరువు ఎంతో ఆ రాళ్ల మీద నిలబడ్డప్పుడల్లా గుర్తుకొస్తుంది.

బయలుదేరే ముందు మాట్లాడుకోవాల్సినవి

ఇది ఇంటి దగ్గరే, టీ తాగుతూ తేల్చుకోవాలి. రాళ్ల మీద అలల హోరులో మాటలు వినిపించవు.

ఎంతకు వెళ్తాం, ఎంతకు తిరిగొస్తాం అన్నది ఇంట్లో ఒకరికి చెప్పాలి. "అల" అని కేక వినబడగానే గాలం అక్కడే వదిలేసి వెనక్కి, పైకి పోవాలని అందరూ ఒప్పుకోవాలి. రాడ్ పోతే పోనీ. మందు తాగినవాడు రాళ్ల మీదకు రాకూడదు, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే. ఈ మాట ముందే అనేస్తే అక్కడ మొహమాటం ఉండదు. ఎవరికి ఈత రాదో, ఎవరికి ఫిట్స్ గానీ గుండె జబ్బు గానీ ఉందో అందరికీ తెలిసి ఉండాలి.

ఎవరైనా నీళ్లలో పడితే ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి. రెండోవాడు దూకకూడదు. దూకితే ఇద్దరు పోతారు. కాపలా మనిషి తాడు విసరాలి. నీటిపై తేలే ఇరవై మీటర్ల పాలీప్రొపిలీన్ తాడు కొసకు, అయిదో వంతు నీళ్లు పోసి మూత బిగించిన ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉంచుకోండి. ఆ నీటి బరువుకు డబ్బా గాలిలో సూటిగా వెళ్తుంది, పడ్డాక తేలుతుంది. పడ్డ మనిషి మళ్లీ అదే రాయి ఎక్కాలని ప్రయత్నించకూడదు. అలలు విరిగే చోట రాయి దగ్గర ఉంటే తల పగులుతుంది. రాళ్ల నుంచి దూరంగా, అల విరగని నీటిలోకి ఈది, వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి. మనం ముందే చూసి పెట్టుకున్న ఇసుక వైపు చేతులతో దారి చూపించాలి. ఒకరు అతన్ని చూస్తూ ఉండాలి, ఒక్క క్షణం కూడా చూపు తిప్పకూడదు, అలల్లో తల మళ్లీ కనబడటం కష్టం. ఇంకొకరు ఫోన్ చేయాలి: 112, లేదా కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. నంబర్లు అందరి ఫోన్లలోనూ ఉండాలి. ఫోన్లు నీళ్లు చొరని సంచిలో ఉండాలి.

ఒంటి మీదకు

లైఫ్ జాకెట్ మొదటిది. ఉక్కపోతగా ఉంటుంది, అయినా తీయకూడదు. కాళ్లకు రబ్బరు చెప్పులు పనికిరావు, నాచు మీద సబ్బు మీద నడిచినట్టే. అడుగున గరుకైన ఫెల్ట్ ఉన్న బూట్లు మంచివి. అవి లేకపోతే గట్టి పట్టున్న, మడమ పట్టీ ఉన్న బూట్లు చాలు. మోకాళ్ల కింద దాకా కప్పే ప్యాంటు వేసుకోండి, ఆలుచిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. తలకు టోపీ, తెల్లవారుజామున వెళ్తే నుదుటికి కట్టుకునే లైటు, మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు. ఉరుము వినబడితే ఆ క్షణమే రాడ్ కింద పెట్టి దిగిపోవాలి. కార్బన్ రాడ్ విద్యుత్తును పంపిస్తుంది, అదీ మనం పైకెత్తి పట్టుకుంటాం.

సామాను

రాడ్ తొమ్మిది నుంచి పదకొండు అడుగుల మధ్య ఉండాలి. ముందున్న రాయి అంచు దాటించి దారం పట్టుకోవడానికి ఆ పొడవు కావాలి. స్పిన్నింగ్ రీలు, 4000 నుంచి 6000 సైజు. దానిలో 20 నుంచి 30 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిక దారం. అల్లిక దారం సన్నగా ఉండి దూరం వెళ్తుంది కానీ రాయికి రాసుకుంటే ఇట్టే తెగుతుంది. అందుకే చివర రెండు మీటర్లు 30, 40 పౌండ్ల మందపాటి నైలాన్ దారం కలపాలి, దాన్ని లీడర్ అంటారు. ఇంత ఖర్చు వద్దనుకుంటే మొత్తం 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారమే ఎక్కించుకోండి. మొదటి ఏడాదికి అది చాలు, చిక్కు పడితే విప్పడమూ సులువు.

గాలాలు ఒకటో నంబరు నుంచి 2/0 దాకా కొన్ని. స్వివెల్స్, అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కడియాలు. సీసపు గుండ్లు 20 నుంచి 60 గ్రాముల వరకు. ముక్కు పొడవుగా ఉన్న పటకారు, కత్తి, మూడు మీటర్ల పిడి ఉన్న చేతి వల, మందపాటి చేతి గుడ్డ. ప్రథమ చికిత్స పెట్టె, వేడి నీళ్ల ఫ్లాస్కు. ఆ ఫ్లాస్కు టీ కోసం కాదు. ఎందుకో ముళ్ల చేపల దగ్గర చెప్తాను.

నేర్చుకోవాల్సిన ముడులు రెండే. గాలం కట్టడానికి: దారం కొసను గాలం కంట్లో దూర్చి, అసలు దారం చుట్టూ అయిదారు చుట్లు తిప్పి, కొసను కంటి పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి తీసి, మళ్లీ అలా ఏర్పడ్డ పెద్ద సందులోంచి పోనిచ్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. తడపకపోతే బిగించే వేడికే నైలాన్ బలహీనపడుతుంది. అల్లిక దారానికి ఈ ముడి జారుతుంది. దానికి దారాన్ని మడత పెట్టి కంట్లో దూర్చి, మామూలు ముడి వదులుగా వేసి, మడత కొసలోంచి గాలం మొత్తాన్ని దాటించి బిగించాలి. ఇంట్లో టీవీ ముందు కూర్చుని యాభైసార్లు వేస్తే చీకట్లోనూ వేళ్లు వేసేస్తాయి.

రీలుకు డ్రాగ్ అనే బిగువు ఉంటుంది. చేప గట్టిగా లాగితే దారం తెగకుండా జారడానికి అది. దారం బలంలో నాలుగో వంతు దగ్గర ఉంచాలి. 20 పౌండ్లంటే తొమ్మిది కిలోలు, కాబట్టి రెండు కిలోల పైచిలుకు లాగినప్పుడు జారాలి. ఇంట్లో స్ప్రింగు కాటాకు దారం కట్టి లాగి చూసి సరిచేసుకోండి.

మూడు రకాల కట్టు

బెండు కట్టు కొత్తవాళ్లకు అన్నిటికంటే మంచిది. బెండు కింద చిన్న గుండు, స్వివెల్, దాని కింద రెండు మూడు అడుగుల దారం, చివర గాలం. ఎర నీటి మధ్యలో తేలుతూ రాళ్లకు తగలదు. నీరు ఎంత లోతుందో చూసి, అడుగుకు రెండు అడుగుల పైన ఎర ఉండేలా బెండును జరుపుకోవాలి.

అడుగు కట్టులో ఎర నేల మీద ఉంటుంది. గ్రూపర్లు, గొరకలు, గులివిందలు దీనికి పడతాయి, కానీ గుండు రాతి సందులో ఇరుక్కుపోతుంది. దీనికి పాత జాలర్ల ఉపాయం ఒకటుంది. గుండును అసలు దారానికి కాకుండా, దానికన్నా బాగా సన్నటి దారం ముక్కతో కట్టాలి. ఇరుక్కుంటే ఆ ముక్కే తెగుతుంది, గాలమూ చేపా మిగులుతాయి. గుండు బదులు పాత స్పార్క్ ప్లగ్గులు మెకానిక్ షాపుల్లో ఊరికే ఇస్తారు. సముద్రంలో సీసం వదిలే కంటే అదే మేలు.

మూడోది లోహపు చెంచా లేదా ప్లాస్టిక్ చేప, ఎర లేకుండా. తెల్లవారుతున్నప్పుడు 30 గ్రాముల చెంచాను దూరంగా విసిరి, అయిదు లెక్కపెట్టి, వేగంగా చుట్టుకుంటూ మధ్యలో రెండుసార్లు ఆపండి. పారలు, బారాకుడాలు ఆగిన క్షణంలోనే కొడతాయి. దారం చేతిలో ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు కలిగే ఆ ఉలికిపాటు కోసమే నేను నాలుగింటికి లేస్తాను.

ఎరకు చిన్న రొయ్య, కవళ్ల ముక్క, స్క్విడ్ ముక్క. ముందురోజు సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లోనో, ఊళ్లో చేపలమ్మే అమ్మల దగ్గరో కొనుక్కోండి. రొయ్యను తోక నుంచి గుచ్చి, గాలం మొన మాత్రం బయటికి వచ్చేలా ఉంచాలి. స్క్విడ్ ముక్క గట్టిది, చిన్న చేపలు కొరుక్కుపోలేవు. రాళ్ల గుంటల్లోని ఆలుచిప్పల్ని, పీతల్ని, గవ్వల్ని ఎర కోసం పీకకండి. చేపలు అక్కడికి వచ్చేదే వాటి కోసం.

రాళ్ల దగ్గరికి చేరాక

సంచులు పైన పెట్టి కూర్చోండి. అరగంట ఏమీ చేయకుండా సముద్రాన్ని చూడండి. అలలు గుంపులుగా వస్తాయి: చిన్నవి, చిన్నవి, తర్వాత నాలుగైదు పెద్దవి, మళ్లీ నెమ్మది. పదిహేను నిమిషాల దాకా పెద్ద గుంపు రాకపోవచ్చు. అందుకే అయిదు నిమిషాలు చూసి దిగితే మోసపోతాం. ఆ అరగంటలో పెద్ద అల ఎక్కడి దాకా తడిపిందో ఆ గీతకు రెండు మీటర్ల పైన పొడిరాతి మీద నిలబడే చోటు ఎంచుకోవాలి. ఎండిన రాయి మీద కూడా నల్లటి, పచ్చటి పొర ఉంటే అది నిన్నటి తడి. అక్కడ వద్దు.

మనిషికీ మనిషికీ నాలుగు మీటర్ల ఎడం. విసిరే ముందు వెనక చూసి, "వేస్తున్నా" అని గట్టిగా అనాలి. వెనక్కి ఊపిన రాడ్ చివర వేలాడే గాలం కంటి ఎత్తులోనే తిరుగుతుంది. చూపుడు వేలికి దారం పట్టి, రీలు మీద దారాన్ని ఆపే వంపు తీగ తెరిచి, రాడ్‌ను తల మీదుగా ఊపి, గడియారంలో పది గంటల ముల్లు దగ్గరకు రాగానే వేలు వదలాలి. బలం అక్కర్లేదు. మొదట్లో నెమ్మదిగా, ఎదురుగా కనిపించే చోటికి వేయడం నేర్చుకోండి. నురుగు తెల్లగా పరుచుకుని, పక్కనే నీరు నల్లగా లోతుగా ఉన్న అంచు మీద వేయాలి. చిన్న చేపల్ని నురుగు తికమకపెడుతుంది, పెద్దవి ఆ అంచున కాచుకుని ఉంటాయి.

గాలం రాతిలో చిక్కుకుంటే దారాన్ని చేతికి చుట్టి లాగకండి, వేలు తెగుతుంది. చిన్న కర్రకు నాలుగు చుట్లు చుట్టి, ముఖం పక్కకు తిప్పి, సూటిగా వెనక్కి నడవాలి. తెగిన గుండు తూటాలా వెనక్కి రావచ్చు. తెగిన దారం ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకోండి. తాబేళ్ల మెడకు, పక్షుల కాళ్లకు చుట్టుకునేది అదే.

చేప పడ్డాక

రాళ్లలో పడ్డ చేప మొదటి పని సందులోకి దూరడం. గాలం గుచ్చుకున్న వెంటనే రాడ్ పైకెత్తి, మొదటి కొన్ని సెకన్లు దారం వదలకుండా పైకి లాగాలి. అయినా దూరిందంటే లాగి తెంపుకోకండి. దారం పూర్తిగా వదులు చేసి రెండు నిమిషాలు ఆగితే గ్రూపర్ తనంతట తనే బయటికి వస్తుంది. అప్పుడు ఒక్క ఊపున ఎత్తాలి.

మిగతావాళ్లు తమ దారాలు చుట్టేసుకోవాలి. కాపలా మనిషి సముద్రం చూస్తూనే ఉండాలి. ఇక్కడే తప్పు జరుగుతుంది, చేపను చూడాలని అందరి కళ్లూ కిందికే పోతాయి. చేపను ఎత్తడానికి తడి గీత దాటి దిగకూడదు. పొడవు పిడి వలతో, ఎక్కుతున్న అల మీద చేపను పైకి తేలనిచ్చి ఎత్తాలి. వల అందకపోతే ఆగాలి. అప్పటికీ అందకపోతే దారం కోసేయాలి. రాళ్ల మీద ప్రాణాలు పోయేది ఎక్కువగా చివరి మీటరు దగ్గరే.

ముళ్ల విషయంలో జాగ్రత్త. జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్లుంటాయి, విషపు ముళ్లు. టేకు చేప తోకకు రంపపు ముల్లు. రాళ్లలో ఉండే లయన్ ఫిష్, రాయి రంగులో కలిసిపోయే తేలు చేప ఇంకా ప్రమాదం. గుచ్చుకుంటే ప్రాణం పోతున్నంత నొప్పి. ఫ్లాస్కు ఇప్పుడు తీయాలి: చెయ్యి భరించగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే విషం బలం తగ్గుతుంది. వేడి చూడటానికి గుచ్చుకోని చేతిని ముందు పెట్టండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. గాలానికి సముద్రపు పాము తగిలితే ముట్టుకోకుండా దారం కోసేయండి. దాని కాటుకు వేడి నీళ్లు వైద్యం కావు, కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి. బంతిలా ఉబ్బే పఫర్ చేపను ఎంత ఉడికించినా విషం పోదు, నీళ్లలోకి వదిలేయండి. గాలం వేలిలో లోపలిదాకా దిగితే రాళ్ల మీద పీకకండి, దారం కోసి డాక్టరు దగ్గరికి.

ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

చెయ్యెడు కన్నా చిన్నవి వదిలేయండి. పెద్దవాటిలోనూ ఒకటి ఆలోచించాలి. పండుగప్పలు ముందు మగవిగా పెరిగి, తర్వాత ఆడవిగా మారతాయి. అంటే మీ చేతికి వచ్చిన ఎనిమిది కిలోల చేప చాలా మటుకు గుడ్లు పెట్టే తల్లే. ఫొటో తీసుకుని వదిలితే వచ్చే ఏడాదికి ఆ తీరానికి మేలు. గ్రూపర్లు అందుకు తలకిందులు, ఆడవిగా మొదలై పెద్దయ్యాక మగవవుతాయి. అక్కడా పెద్దది వదలడమే నయం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలనే అది. జాలర్లు పూట గడవక ఇబ్బంది పడుతూ పడవలు ఒడ్డున కట్టేసుకునే ఆ రోజుల్లో మా జట్టు గుడ్లతో ఉన్న చేపలన్నీ వదిలేస్తుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు విశాఖ ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రిపూట ఇసుక మీదుగా రాళ్లకు నడిచేటప్పుడు లైటు కిందికి వంచుకోండి. పొరపాటున తాబేలుకు గాలం తగిలితే లాగకుండా అటవీ శాఖకు చెప్పండి. అవి చట్టప్రకారం రక్షిత జీవులు.

వదిలే చేపను తడి చేతులతో పట్టుకోవాలి, పొడి చేతులు దాని జిగురు పొరను తీసేస్తాయి. ఎత్తైన బండ మీద నుంచి విసిరేయకండి. చేతి వలలో పెట్టి నీళ్లలోకి దించితే దానంతట అది వెళ్లిపోతుంది.

ఐస్, వాటాలు, ఇంటికి

ఉంచుకున్న చేపను వెంటనే చంపి, మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ధర్మాకోల్ పెట్టెలో ఐస్ మధ్య పెట్టాలి. కానాగంతల్ని ఎండలో రెండు మూడు గంటలు వదిలేస్తే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. వండినా పోదు. తిన్నాక ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పులుసు బాగుండటానికి చింతపండు కన్నా ముందు ఐస్ ముఖ్యం.

వాటాలు ఎవరి గాలానికి పడిందో చూసి వేయకూడదు. కాపలా కాసినవాడి గాలం నీళ్లలో లేదు కాబట్టే మిగతావాళ్లు నిశ్చింతగా పట్టారు. మా దగ్గర చేపలన్నీ ఒక కుప్ప, సమాన వాటాలు. తల మాత్రం ఆ రోజు చివరి కాపలా కాసినవాడికి. చిన్న మాటే అయినా, ఇలా అనుకున్నప్పటి నుంచి కాపలా వంతు అంటే ఎవరూ మొహం చిన్నబుచ్చుకోవడం లేదు.

రాళ్లు దిగే ముందు తలలు లెక్కపెట్టుకుని, ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. ఆ సాయంత్రమే రాడ్‌నూ రీలునూ మంచినీటితో సన్నటి ధార కింద కడగాలి. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. గాలాలు, స్వివెల్స్ కడిగి ఆరబెట్టండి. లీడర్‌ను వేళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలిన చోట కోసి కొత్తగా ముడి వేయండి. రీలు డ్రాగ్ వదులు చేసి నీడలో పెట్టి, ఆ రోజు తిథి, పోటు వేళ, అల ఎత్తు, ఏ బండ దగ్గర ఏ చేప పడిందో నోటు పుస్తకంలో రాసుకోండి. తాడు కట్టిన డబ్బాలో నీళ్లు మార్చి, కారు డిక్కీలో పైనే ఉంచండి.